ముగ్గురు లేనిదే పందెం లేదు

ఏటా చలికాలంలో భిలాయి స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ గ్రౌండులో వీల్‌చెయిర్ పందేలు జరుగుతాయి. నేను వెళ్తాను. నా కుర్చీని ఆటోలోకి ఎక్కించడానికి ఆటో భయ్యాతో ఓ యుద్ధం, దింపించడానికి ఇంకో యుద్ధం, అయినా వెళ్తాను. ఒళ్లో సంచి ఉంటుంది. అందులో నీళ్ల సీసా, మందులు, అడుగున ఒక జత తోలు గ్లౌజులు. తల నెరిసినదానికి గ్లౌజులెందుకంటే చెప్పడానికి సిగ్గే. ఎవరైనా ఒక పిల్ల రాకపోతే బాగుండునని నా ఆశ. పాడు ఆశ. పిల్లలంతా క్షేమంగా రావాలని దేవుడికి దండం పెట్టుకుంటూనే ఉంటాను, చెయ్యి మాత్రం సంచిలోకి పోతుంది.

మా రోజుల్లో ముగ్గురు లేనిదే పందెం లేదు. ఇద్దరే వస్తే రద్దు చేసి, బట్టలకి గుచ్చిన నంబరు విప్పించి ఇంటికి పంపేసేవారు. కుర్చీ పందేనికి వచ్చే ఆడవాళ్లు ఈ చుట్టుపక్కల అప్పటికి ఇద్దరే. ఒకామె భిలాయి-3లో ఉండే ఛత్తీస్‌గఢీ పిల్ల. రెండో ఆవిడ పక్క ఊరు జాముల్‌లో ఉండే అక్క. సొంత అక్క కాదు. విజయనగరం వైపు మనిషి, వాళ్లన్నయ్య సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆవిడకీ నాకులాగే చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పోయాయి. చేతులు మాత్రం ఉక్కు. ఇక్కడ గెలిస్తే జాతీయ పోటీలకి పంపుతారు. గెలుస్తానా లేదా అన్న అనుమానం ఆవిడకి ఏనాడూ లేదు. గెలవడానికి పందెమంటూ జరగాలి కదా, అదే లేదు.

ఒకరోజు ఆవిడ చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద జాముల్ నుంచి సెక్టర్ 4లో మా క్వార్టర్ దాకా వచ్చింది. నేనప్పుడే చదువు ముగించి ఇంట్లో కూర్చున్నాను. గేటు దగ్గర బండి ఆపి కేకేసింది.

"పిన్నీ! మీ ఇంట్లో కుర్చీలో కూసునే గుంటొకర్తి ఉందంట. నాకు కావాల."

అమ్మ చేతిలో గరిటెతో బయటికొచ్చింది. "దాంతో నీకేటి పని?"

"పందేనికి. ముగ్గురుండాల, ఇద్దరమే ఉన్నాం."

"దానికి పందేలేటమ్మా? నాలుగడుగులు తోసుకుంటేనే ఆయాసం దానికి."

"గెలవక్కర్నేదు. గీత కాడ కూసోవాల. తుపాకీ పేలగానే రెండు తోపులు తొయ్యాల. ఆ తర్వాత కావాలంటే నిద్రపోమను." అప్పుడు నావైపు తిరిగింది. "కానీ నువ్వు రాకపోతే మాత్రం అవదు."

ఆ మాట నాకెంత పెద్దదో తెలియాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మావాళ్లు చెడ్డవాళ్లు కాదు. నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు, అందుకే ఎక్కడికీ తీసుకెళ్లలేదు. పెళ్లన్నా, పూజన్నా, సినిమా అన్నా ఒకటే మాట, "అక్కడన్నీ మెట్లమ్మా, నీకెందుకు ఇబ్బంది." ఆఖరికి మా అన్నయ్య పెళ్లి కూడా శ్రీకాకుళంలో నేను లేకుండానే లక్షణంగా జరిగిపోయింది. నేను వెళ్తేగానీ కాని పని ఒకటి లోకంలో ఉందని ఆ రోజుదాకా నాకు తెలీదు.

నాన్న ప్లాంటులో ఇచ్చే తోలు గ్లౌజులు తెచ్చాడు. అమ్మ "ఇదేటి వెర్రి" అని గొణుగుతూనే వేళ్ల చివరలు కత్తిరించి, వదులుగా ఉన్నచోట కుట్టి బిగించింది.

పందెం రోజు తుపాకీ పేలింది. ఒప్పందం ప్రకారం రెండు తోపులు తోశాను. కుర్చీ ఆగలేదు. అంటే, నేను ఆపలేదు. ఆస్పత్రి వార్డుల్లో తిప్పే రకం ఇనప కుర్చీ అది, ముందు చక్రాలు ఒకటి తూర్పుకి లాగితే ఒకటి పడమరకి లాగుతుంది. అయినా మొహానికి గాలి తగిలింది. అంతవరకూ ఎవరో వెనకనుంచి తోస్తేనే నాకు గాలి. ఇది నా చేతులతో నేను తెచ్చుకున్న గాలి. ఎంత బాగుందో! ఇప్పటికీ ఫ్యాను కింద కళ్లు మూసుకుని ఆ గాలి కోసం వెతుక్కుంటాను. దొరకదు.

నేను సగం దూరం వెళ్లేసరికి ఆ ఇద్దరూ చేరిపోయారు. అక్కే ఫస్టు. చివరి గీత దగ్గరాయన ఇక అయిపోయిందనుకుని తాడు చుట్టేస్తున్నాడు. అక్క ఒక్క అరుపు అరిచింది.

"అరే రుకో భయ్యా! మా మనిషి ఇంకా వస్తన్నాది!"

ఆయన తాడు మళ్లీ విప్పి పట్టుకున్నాడు, నాకోసం. నేను తీరుబడిగా వెళ్లి ఆ తాడుని తాకాను.

ముగ్గురిలో ఆఖరంటే కంచు పతకమే కదా. నాన్న దాన్ని ప్లాంటుకి పట్టుకెళ్లి "మా పాపకి థర్డ్ వచ్చింది" అని షిఫ్టు వాళ్లందరికీ చూపించాడు. ఎంతమందిలో థర్డో ఆయన చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ఆ తర్వాత వరసగా ప్రతి ఏడూ నాకు కంచే. అక్క జాతీయ పోటీలకి వెళ్లొచ్చింది. అక్కడి కుర్చీలు నేలకి ఆనుకున్నట్టు కిందకి ఉంటాయని, చక్రాలు ఏటవాలుగా ఉంటాయని చెబితే, అవి కుర్చీలా మిడతలా అని నవ్వుకున్నాం.

చలి పడగానే గేటు దగ్గర ఆవిడ కేక వినబడేది. "వస్తన్నావా? నువ్వు రాకపోతే అవదు." ఒళ్లు కాలిపోతున్నా స్వెటరేసుకుని వెళ్లానుగానీ ఒక్క ఏడు కూడా మానలేదు.

తర్వాత భిలాయి-3 పిల్ల పెళ్లి చేసుకుని రాయ్‌పూర్ వెళ్లిపోయింది. అక్క భుజాలు అరిగిపోయాయి. వాళ్లన్నయ్య రిటైరయ్యాక అందరూ విజయనగరం చేరారు. మా పందెం ఆగిపోయింది. అక్క ఫోను మాత్రం ఆగలేదు, చలికాలం రాగానే చేసేది.

"గ్లౌజులున్నాయా?"

"ఉన్నాయక్కా."

"ఉంచు. నువ్వు రాకపోతే అవదు."

ఇద్దరం నవ్వేవాళ్లం. పందెం ఏదీ లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ ఒక్క మాట కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేదాన్ని.

ఈసారి చలి వచ్చింది, ఫోను రాలేదు. గ్రౌండుకి వెళ్లొచ్చి, అక్కడి కబుర్లతో నేనే ఫోను చేద్దామనుకున్నాను. గ్రౌండులో చూస్తే ఒక పందేనికి ఇద్దరే పిల్లలు! గబగబా గ్లౌజులు తీసి తొడుక్కున్నాను. మైకు పట్టుకున్నాయన దగ్గరికి తోసుకుంటూ వెళ్లి, మూడో మనిషి కావాలా భయ్యా అని అడిగాను.

"నహీ ఆంటీజీ," అని ఆయన నవ్వాడు. ఇప్పుడు ఏ పందెమూ రద్దు చెయ్యరట. మనుషులు తక్కువైతే పక్క విభాగం పందెంతో కలిపి నడిపిస్తారట.

అలాగే నడిపించారు. నేను గొంతు పోయేలా అరిచాను. నిజంగా సంతోషమే, ఏ పిల్లా నంబరు విప్పుకుని ఇంటికెళ్లక్కర్లేదు. మరి ఏడుపెందుకొచ్చిందంటే, అది అక్కకి తప్ప ఇంకొకరికి అర్థం కాదు.

ఇంటికి రాగానే ఫోను చేశాను. అక్క మేనల్లుడు ఎత్తాడు.

"మా అత్త పోయింది, అత్తా. కార్యాలన్నీ అయిపోనాయి."

నాకు కోపమే వచ్చింది. "నాకెందుకు చెప్పలేదురా?"

"అంత దూరం, రైలూ అదీ... నీకెందుకు ఇబ్బందని సెప్పనేదత్తా."

వాడు మంచివాడే. మావాళ్లందరిలాగే మంచివాడు.

"నేను రాకుండా ఎలా అయిందిరా?" అన్నాను.

"అదేటత్తా, మేమందరం ఉన్నాం కదా. ఏ లోటూ నేకుండా అయింది" అన్నాడు వాడు, నన్ను ఓదార్చడానికి.