ఎండలో కుండీలు, నీడలో కుండీలు

ఆ రోజుల్లో చదువంటే కంఠతా పట్టడమేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. (ఆ రోజులంటే తాతల కాలమేమీ కాదు, ఆడవాళ్ళకు బస్సులో డబ్బులు లేని జీరో టికెట్ వచ్చాకే. మనసు బరువెక్కితే మొన్నటి సంగతి కూడా పాతకాలమైపోతుంది.) కామారెడ్డిలో ఎమ్మెస్సీ బాటనీ చదువుతూ రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సులో పోయివచ్చేదాన్ని. పక్క సీటు నా క్లాస్‌మేటు లాయరమ్మది. సీటు కోసం కండక్టరుతో, చాయ్ పలచనైందని క్యాంటీన్ అన్నతో, చివరికి వానతో కూడా వాదించేది కాబట్టి క్లాసంతా ఆ పేరు పెట్టింది. వాళ్ళన్న మాత్రం ముందే తేల్చి చెప్పాడు, ఒక్క సబ్జెక్టు పోయినా చదువు బంద్, బస్టాండు దగ్గరి తమ జిరాక్సు దుకాణంలో కూర్చోవాలని. ఆ మాట వచ్చినప్పుడు మాత్రం ఆమె వాదించేది కాదు, కిటికీలోంచి బయటకు చూసేది.

మా సారు ప్రతి శనివారం ఒకరికి ఒక పరిశోధన పేపరు ఇచ్చి, బోర్డు ముందు నిలబెట్టి చెప్పించేవారు. ఇంకొకరు లేచి అందులో తప్పులు పట్టాలి. పట్టనివాళ్ళకు ఇంటర్నల్ మార్కులు సున్నా, అవి లేకుంటే సబ్జెక్టు గట్టెక్కడం కష్టం. నా వంతుకు చక్కెర ఫ్యాక్టరీ మురికినీళ్ళు పోస్తే మక్కజొన్న మొక్కలు ఎలా పెరుగుతాయో చెప్పే పేపరు వచ్చింది. తప్పులు పట్టే పని లాయరమ్మకు పడింది. క్లాసంతా నా మీద జాలిపడింది.

బస్సు లింగంపేట దాటకముందే ఆమె తప్పు పట్టేసింది. "ఏందే గిది? ఫ్యాక్టరీ నీళ్ళు పోసిన కుండీలు ఎండల వెట్టిన్రు, మంచినీళ్ళు పోసినయి నీడల వెట్టిన్రు. మొక్క ఎండితే నీళ్ళ తప్పా, ఎండ తప్పా?" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. "గదే అడుగు. నేను అవునంట. నీకు మార్కులొస్తయి, అయిపోతది" అన్నాను.

శనివారం నేను పేపరును తు.చ. తప్పకుండా అప్పజెప్పాను. మేము విత్తనాలు నాటాం, మేము ఆకులు కొలిచాం అంటూ మొదలుపెట్టి, మొక్కలకు కాపలా కాసిన వాచ్‌మన్‌కు కృతజ్ఞతలు కూడా చెప్పేశాను. సారు కళ్ళద్దాలు తీసి, "గీ మక్కలు నువ్వెప్పుడు పెంచినవమ్మా?" అన్నారు. క్లాసు గొల్లుమంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే లాయరమ్మను లేపారు.

ఆమె నవ్వుతున్న క్లాసును చూసింది, నన్ను చూసింది. నేను పెదవులు కదిపి "ఎండ, నీడ" అని గుర్తుచేశాను. "తప్పేం లేదు సార్. మంచిగ చెప్పింది" అంది. సారు బతిమాలినంత పని చేశారు. "ఒక్కటన్న చెప్పమ్మా, లేకుంటే సున్నా ఎయ్యాల్సొస్తది." "ఏసుకోండ్రి సార్" అని కూర్చుంది.

తిరుగు బస్సులో నాకు కోపం ఆగలేదు. "నీకేమన్న పిచ్చా?"

"అందరు నిన్ను చూసి నవ్వవట్టిరి. గప్పుడు నేను గూడ ఒక రాయేస్తనా?"

"తప్పు నాది కాదే, రాసినోళ్ళది!"

"గంతసేపు మేము మేము అంటివి గదనే!"

సారు దయగలవారే, తన గదికి వచ్చి చెప్పినా మార్కులు వేస్తానని మేము బస్సెక్కకముందే కబురు పెట్టారు. దానికీ ఆమె ఒప్పుకోలేదు. "నువ్వు లేని కాడ నీ తప్పులు చెప్పాల్నా? గది చాడీ అయితది" అంది. కండక్టరు వచ్చి టికెట్లు చింపి ఇచ్చాడు. "పొద్దుగాల జీరో, మాపటికి జీరో" అని తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ సున్నాతో ఆమెకు ఆ సబ్జెక్టు పోయింది. మళ్ళీ పరీక్ష రాయనివ్వమని నేను వాళ్ళింటికి పోయి బతిమాలినా అన్న వినలేదు. రెండో ఏడాదంతా నా పక్క సీట్లో ఎవరెవరో కూర్చున్నారు. అంత తెలివి గల పిల్ల జిరాక్సు మిషను ముందు నిలబడి కాగితాలు సర్దడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

నేను పరిశోధనలో చేరాను. పరిశోధన పత్రికకు పంపిన నా మొదటి పేపరు మొన్న తిరిగొచ్చింది, రెండు పేజీల నిండా తప్పులు పట్టి. (ఈసారి మక్కలు నిజంగానే నేను పెంచినవి.) బాగా ఏడ్చి, ఎల్లారెడ్డిలో బస్సు దిగగానే జిరాక్సు సాకుతో ఆమె దుకాణానికి పోయాను. ఆ రెండు పేజీలూ చదివి ఆమె మొహం కందగడ్డ చేసుకుంది. "ఎవలే వీళ్ళు? గింత కష్టపడి పెంచితే గిన్ని మాటలంటరా? మనసెట్లొచ్చింది?" అని అరిచింది. జిరాక్సులకు వచ్చిన ఇద్దరు ఉలిక్కిపడ్డారు.

"వాళ్ళన్నది నిజమేనే."

"నిజమైతే మాత్రం!"

ఆ ఇద్దరి కాగితాలూ గబగబా జిరాక్సు తీసి ఇచ్చి పంపేసింది. బయట కూడా ఎవరూ లేరని చూసుకుని, నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది. "కుండీలు అన్ని ఒక్క కాడనే వెట్టినవా?"

"వెట్టిన. అన్ని ఎండలనే."

"అయితే దిద్ది మల్ల పంపు" అని కాగితాలు చేతిలో పెట్టింది. బయటికి వచ్చాక, బోర్డు ముందు నిలబడి ఎవరి వాచ్‌మన్‌కో దండం పెట్టిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే లాయరమ్మ మళ్ళీ మిషను ముందు నిలబడింది.