పొట్లం మీద నా అక్షరాలు

నేను అక్షరాలు గీసి బతుకుతాను. ఫోన్లలో, పోస్టర్ల మీద కనిపించే ఫాంట్లను ఎవరో ఒకరు కూర్చుని గీస్తారని చాలామందికి తోచదు. నేను గీసిన వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక స్టెన్సిల్ ఫాంట్. లావుగా, ముందుకు వాలి, మధ్యమధ్య తెగినట్టుండే అక్షరాలు.

అవి పుట్టింది ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా రైల్వే యార్డులో. నాన్న అక్కడ పనిచేసేవాడు. పెయింటర్లు రేకులో కోసిన అక్షరాలను వ్యాగన్‌కు ఆనించి తెల్లరంగు అద్దుతుంటే చిన్నప్పుడు నిలబడి చూసేదాన్ని. అక్షరాలు నిలువుగానే ఉండేవి. వ్యాగన్ కదిలి వేగం అందుకున్నాక మాత్రం నా కంటికి ముందుకు వాలినట్టు కనిపించేవి. పెద్దయ్యాక ఆ వాలునే గీశాను. మొదట ఇంగ్లిష్‌లో, తర్వాత పంతం పట్టి తెలుగులో. తెలుగుకు స్టెన్సిల్ కష్టం. 'ర' చుట్టూ కోస్తే మధ్య ముక్క ఊడి పడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి సన్నని పట్టీలు వదలాలి, అయినా అక్షరం విరిగినట్టు కనబడకూడదు. అక్షరం వాలితే పట్టీలూ వాలాలి, తలకట్టు మాత్రం ఎగిరిపోతున్నట్టు ఉండకూడదు.

ఆ ఫాంటును అమ్మే బాధ్యత ఒక కంపెనీ తీసుకుంది. ఫుట్‌బాల్ జెర్సీల మీద, కాఫీ డబ్బాల మీద, ఒక నాటకం పోస్టర్ మీద దాన్ని చూసి మురిసిపోయాను.

పోయినేడు అమ్మను చూడడానికి ఖరగ్‌పూర్ వెళ్లాను. స్టేషన్‌లో పైవంతెన మెట్లు దిగుతున్నాను. మూలమూలకీ ఎండిన ఉమ్ములు, వాటి మీద పచ్చి ఉమ్ములు, తీపీ కుళ్లూ కలిసిన వాసన. ముక్కు మూసుకుని కిందికి చూస్తే నా చెప్పు పాన్ మసాలా పొట్లం మీద ఉంది. దాని మీద పేరు నా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. నేను ఎన్నిసార్లో చెరిపి గీసుకున్న ఆ సన్నటి సందుల్లోకి ఎవడిదో ఎర్రటి ఎంగిలి పాకింది. కాలు ఎత్తితే పొట్లం చెప్పుతోపాటే లేచింది.

తెలుగు రైల్వే కుటుంబాలు ఎక్కువగా ఉండే మా ఓల్డ్ సెటిల్‌మెంట్ దాకా బ్యాటరీ రిక్షాలో వస్తుంటే ప్రతి కొట్టు ముందూ ఆ పొట్లాలే, దండలు దండలుగా. మురుక్కాలవలో అవే. ఇల్లు చేరాక చెప్పులు సబ్బుతో కడిగాను. చేతులు కడుక్కున్నాను. అన్నం ముందు కూర్చున్నాక లేచి మళ్లీ కడుక్కున్నాను.

మా వెనక సందులో చిన్నాన్న ఉంటాడు. లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. సర్వీసంతా మసాలా నమిలాడు. అంతకు ముందేడు క్యాన్సర్ వచ్చి కింది దవడ ఒక పక్క తీసేశారు. గంజీ, మెత్తగా పిసికిన అన్నమే ఆయన తిండి. నా సంగతి చెప్తే మిగిలిన పక్కతో నవ్వాడు.

"నీ అచ్చరాలేటి సేసినాయమ్మా? నాను నమిలినన్నాళ్లూ పొట్లం మీద ఏటి రాసుందో సూసినానా?"

ఆయన నన్ను ఊరడించడానికే అన్నాడు. నాకు రోత తగ్గలేదు. ఫాంటు అమ్మే కంపెనీకి ఫోన్ చేశాను. ఆ పొట్లం ఫొటోను వాళ్లు తమ వెబ్‌సైట్లో మంచి వాడకానికి నమూనాగా పెట్టుకున్నారని అప్పుడే తెలిసింది. ఎంత దూరం నుంచైనా కళ్లకు కొడుతుంది కదండీ అన్నాడు అవతలి మనిషి, నన్ను మెచ్చుకుంటున్నట్టు. ఫొటో తీసేస్తామన్నారు. ఇకమీదట అలాంటి వాళ్లకు అమ్మబోమన్నారు. అమ్మేసింది మాత్రం వెనక్కి రాదన్నారు.

మర్నాడు చిన్నాన్న తన దవడ ఎక్స్‌రే పట్టుకొచ్చాడు. "ఉమ్మొద్దని రేకు బదులు దీని మీద కొయ్యి. తెలుగులోనే రాయి. ఈ సందులో ఉమ్మేది మనోళ్లే" అన్నాడు.

ఆ పళ్ల వరస మీద బ్లేడు పెట్టడానికి చెయ్యి రాలేదు. ఆయనే షీటును బల్లకు అదిమి పట్టుకున్నాడు. 'ఇక్కడ ఉమ్మరాదు' అని కోశాను. చిన్నాన్న సందులో వీధి కుళాయి పక్క గోడకు సున్నం కొట్టించి, నీలం రంగు స్పాంజితో అద్దాం. వాలిన అక్షరాలు శుభ్రంగా దిగాయి.

ఆదివారం చర్చి నుంచి వస్తూ చిన్నాన్న ఎదురింటాయన ఆ గోడ దగ్గర ఆగాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, చంకలో బైబిలు. నేను చిన్నాన్న గుమ్మంలోనే ఉన్నాను.

"బావున్నాయమ్మా" అన్నాడు బుగ్గ నిండా మసాలా పెట్టుకున్న నోటితో. "మసాలా పొట్లం మీద అచ్చరాల్లాగున్నాయి."

ఆ మాట అని, తల తిప్పి, నింపాదిగా 'ర' మీద ఉమ్మాడు. అది చారలు కట్టి కుళాయి గట్టు మీదికి కారింది. బిందె పెట్టుకున్నావిడ బిందె పక్కకు జరుపుకుంది, అంతే. ఆయన తలుపు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. నేను పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

తిరిగి వచ్చేసరికి చిన్నాన్న బకెట్‌తో, ఫినాయిల్‌తో గోడ కడుగుతున్నాడు. నేను చీపురు అందుకోబోతే ఇవ్వలేదు.

"ఎండిపోతే పోదమ్మా. పచ్చిగున్నప్పుడే కడిగీయాల. నాను ఉమ్మినవి ఎవులు కడిగినారో ఏటో" అన్నాడు.

ఇప్పటికీ ఆయన రోజూ కడుగుతున్నాడట. ఎదురింటాయన రోజూ ఉమ్ముతూనే ఉన్నాడట. మొన్న ఫోన్‌లో చిన్నాన్న, ఊళ్లో ఇందా అనే పేట బజార్లో కొట్టించడానికి బెంగాలీలో కూడా కావాలన్నాడు. గీస్తున్నాను. అక్షరం లోపలి సందులు గీసేటప్పుడల్లా వాటిలోకి కారే ఎరుపే కళ్ల ముందుకొస్తుంది. లేచి చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంటున్నాను.