చెరువు కాడి ఒక్క నిద్ర

ఒక చెరువును చూడడానికి ఎంతసేపు కావాలన్న ప్రశ్నకు నా దగ్గర చాలా జవాబులుండేవి. చిలికాలో ఒక పడవవాడు నన్ను మధ్యాహ్నమంతా తిప్పి, దింపేటప్పుడు, "నువ్వింకా ఏమీ చూడలేదు" అన్నాడు. కొల్లేట్లో ఒక ముసలాయన, "నీళ్లే గదయ్యా, అదేమన్నా సినిమానా" అని చుట్ట వెలిగించుకున్నాడు. పాతకాలపు యాత్రికుల రాతలు చదివితే ఏ సరస్సు ఎంత లోతో, ఏ రాజు తవ్వించాడో, ఏ పిట్టలు ఏ దేశం నుంచి వచ్చి వాలతాయో అన్నీ ఉంటాయి. ఎన్నాళ్లుండాలో మాత్రం ఎవరూ రాయరు.

నన్ను ఆ మాట సూటిగా అడిగింది సిరిసిల్లలో నా గదికి ఎదురింట్లో ఉండే నీల.

"కాకా, నువ్వు దేశాలు తిరిగినోడివి. చెరువు కాడ ఎన్ని రాత్రులుంటే మంచిగుంటది?"

నీల యాభై దాటిన మనిషి. పుట్టింది కోరుట్లలో, ఇచ్చింది సిరిసిల్లలో. భర్త హన్మండ్లు బతుకంతా సాంచెలు నడిపాడు. సాంచెలంటే మరమగ్గాలు. వాటి చప్పుడుకు చెవులు మొద్దుబారి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడు. ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినిపించేది. ఈ ఊళ్లో ఒక వింత ఉంది. నేను తిరిగిన ఊళ్లన్నిట్లో చప్పుడుకు నిద్రలేస్తారు. ఇక్కడ కరెంటు పోయి సాంచెలు ఆగితే లేస్తారు. హన్మండ్లు ఎండాకాలం చివర ఛాతీ జబ్బుతో పోయినప్పుడు ఆ ఇంటికి వచ్చిన నిశ్శబ్దం అలాంటిదే. వాడకట్టంతా ఉలిక్కిపడింది.

పదకొండో రోజు ముగిసింది. భీవండిలో కాపురముండే కూతురు వచ్చి, ఏడ్చి, పోయింది. ఇక మిగిలింది నిద్ర.

మా దిక్కు తెలియనివాళ్ల కోసం చెబుతాను. మొగుడు పోయిన మనిషిని పుట్టింటివాళ్లు వచ్చి తోలుకుపోయి, తమ ఇంట్లో పడుకోబెట్టాలి. ఒక రాత్రో, మూడో, అయిదో. సరిసంఖ్య పనికిరాదు. కడుపునిండా పెట్టి, చీర కట్టించి పంపాలి. దాన్నే నిద్ర అంటారు. అది అయ్యేదాకా ఆ మనిషి ఇంకొకరి గడప తొక్కకూడదు. నీల రాములవ్వ వాళ్ల సాంచెల షెడ్డులో కండెలకు నూలు చుడుతుంది. షెడ్డు వాళ్ల ఇంటి వెనుక ఉంది, దారి ఇంట్లోంచి. కాబట్టి నిద్ర అయితేనే పని, పని ఉంటేనే పొయ్యి.

ఇదంతా మూఢత్వమని కొట్టిపారేయడానికి నాకూ నోరుంది. కానీ ఇన్నేళ్లు తిరిగి ఒకటి గమనించాను. మనవాళ్లు ఆచారాల్లో మొదట వదిలేది పెట్టిపోతల ముచ్చట. చివరిదాకా గట్టిగా పట్టుకునేది మనిషిని గడప బయట నిలబెట్టే ముచ్చట.

నీలకు ఉన్నది ఒక్క తమ్ముడు, రాజలింగం. జవానీ అంతా మస్కట్‌లో కరిగించి, తిరిగొచ్చి, కోరుట్లలో తండ్రి నాటి పెంకుటిల్లు కూల్చి డాబా కట్టాడు. గృహప్రవేశం జరిగి నెల తిరగకముందే బావ పోయాడు. ఆ గృహప్రవేశంలో గడపకు పసుపు రాసింది నీల. ఆడబిడ్డ చేయాల్సిన పని అది. వంగి, రెండు చేతులా రాసి, బొట్లు పెట్టి, తమ్ముడి చేత చీర పెట్టించుకుని వచ్చింది. ఆ పసుపు వారం రోజులదాకా గోళ్లలోంచి పోలేదని నవ్వుతూ చూపించింది కూడా.

రాజలింగం ఒక ఆదివారం కారేసుకుని వచ్చాడు. నీల వాకిట్లో నేనూ, పక్కింటి సత్యవ్వా కూర్చుని ఉన్నాం. సత్యవ్వకు ఎనభై దగ్గర పడ్డాయి, ఎవరికీ భయపడే వయసు దాటిపోయింది.

"అక్కా, నిద్ర సంగతి మాట్లాడుదామని అచ్చిన," అన్నాడు రాజలింగం. "ఇంట్ల కూసుంటే ఏడుపే అస్తది. ములుగు దిక్కు అడవిల పెద్ద చెరువుంది. నడుమల దీవి, దాని మీద గదులు. గాడికి పోదాం. నీ మనసు నిమ్మలమైతది."

ఫోను తీసి చూపించాడు. కాకతీయుల కాలం నాటి చెరువు, చుట్టూ గుట్టలు, ఆకుపచ్చటి నీళ్లు, వేలాడే వంతెన. నిజంగానే అందమైన చోటు. నేను పోయినప్పుడు వంతెన లేదు, దొంగబీడీలు కాల్చుకునే ఒక వాచ్‌మన్ ఉండేవాడు.

సత్యవ్వ ఫోను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "మంచిగుంది బిడ్డా. గీడ ఎవరి పుట్టిల్లుంది?"

"పుట్టిల్లు కాదు పెద్దమ్మా, కాటేజీలు."

"గంతేలే. చెరువుల నిద్ర చేసేది చేపలని నేననుకున్న. మనుషులు గూడ చేస్తరా?"

రాజలింగం నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడు.

అప్పుడే నీల నన్ను అడిగింది, ఎన్ని రాత్రులుంటే మంచిదని. నేను నాకు తెలిసిన విద్య అంతా విప్పాను. మొదటి రోజు మనతో వచ్చిన దారి దుమ్మే కళ్లలో ఉంటుంది. నీళ్లు కనిపించేది రెండో రోజున. ముఖ్యంగా తెల్లవారుజాము చూడాలి, గుట్టల వెనుక వెలుగు వస్తుంటే నీళ్ల మీద పొగలా లేస్తుంది. కనుక రెండు రాత్రులన్నా ఉండాలి.

"రెండు పనికిరాదు," అంది సత్యవ్వ. "ఈయనకు దేశాలెరుకగని లెక్కలెరుక లేదు."

"అయితే మూడు," అంది నీల. తమ్ముడి మొహంలోకి చూస్తూ అంది. "ఒకటి చెరువు కాడ చేద్దాం తమ్మీ. రెండు మనింట్ల."

రాజలింగం కారు తాళం చేతిలో తిప్పాడు. "పిల్లగాండ్లకు బడి ఉన్నది అక్కా. సోమారం పోవాలె. ఒక్కటి చాలు. నిద్ర ఒక్కటైన నిద్రనే గద."

"గా ఒక్కటి కోరుట్లల చేస్తె?"

"ముందుగాల చెరువు చూద్దాం. తర్వాత సంగతి తర్వాత."

ఆ చివరి మాటను నీల మూట కట్టుకుంది. వాడు అన్నది తప్పించుకోవడానికని సత్యవ్వకు తెలుసు, నాకూ తెలుసు. నీలకు కూడా తెలిసే ఉండాలి. కానీ ఆమె సంచిలో సర్దుకున్న చీరలు మూడు. సత్యవ్వ అవి చూసి కూడా ఏమీ అనలేదు. ఆ ముసలిది ఏమీ అనకుండా ఉండడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాతి శనివారం పోయారు. ఆదివారం పొద్దుగూకకముందే కారు మా సందు మొదట్లో ఆగింది. అక్కడ జరిగింది నీల నాకు ఒక్కసారిగా చెప్పలేదు. బియ్యం ఏరుతూ కొంత, నల్లా నీళ్లు పట్టుకుంటూ కొంత చెప్పింది.

పడవలో తిప్పారట. రాజలింగం పిల్లలు అత్తకు లైఫ్ జాకెట్ తొడిగి పడీపడీ నవ్వారట. తానూ నవ్విందట. "ఆయన పోయినంక గదే మొదలు నవ్వుడు," అంది. వంతెన మీద అందరూ ఫోటో దిగారు. రాత్రి దీవి మీద చేపల కూర, అన్నం. ఆ తినే దగ్గర తమ్ముడి భార్య స్వప్న మాట తీసింది.

"వదినె, ఇగ నిద్ర అయినట్టే. రేపు నిన్ను సిరిసిల్లల దించి మేము కోరుట్లకు పోతం. ఏమనుకోకు. కొత్తిల్లు, ఇంక ఏడాది నిండలే. చావైన మనిషి నిద్ర చేస్తె ఇంటికి మంచిగ కాదని మా అమ్మ అన్నది."

"గడపకు పసుపు రాసింది నేనే గద స్వప్నా."

"గప్పుడు వేరు వదినె. గప్పుడు అన్నయ్య ఉండె."

స్వప్న చెడ్డ మనిషి కాదు. నేను ఒకసారి ఆమె చేతి టీ తాగాను. మొగుడు ఎడారిలో ఉన్నన్నాళ్లూ మామను సాకింది, మంచం పట్టినవాడి కాళ్లు కడిగింది. ఆ డాబాలో ఆమె ఎదురుచూసిన ఏళ్లన్నీ ఉన్నాయి. దానికి ఏమన్నా అవుతుందని భయం. భయపడేవాళ్ల చేతిలోనే మనిషికి ఎక్కువ దెబ్బలు తగులుతాయి. పగవాడు కనీసం మొహం చూసి కొడతాడు.

రాజలింగం అప్పుడు చేప ముళ్లు ఏరుకుంటున్నాడట.

గదిలో మంచం వేశారు, తెల్లటి దుప్పటి, మెత్తటి దిండు. నీల వరండాలో కుర్చీ వేసుకుని, కొంగు కప్పుకుని కూర్చుంది. తెల్లారేదాకా కూర్చుంది.

"చప్పుడు లేని చోట నీకు నిద్ర రాలేదేమో," అన్నాను నేను, సిరిసిల్ల మనుషుల సంగతి తెలిసినవాణ్ణి కనుక.

"అచ్చింది కాకా. మస్తు అచ్చింది. ఆపుకున్న."

పొద్దున రాజలింగం పళ్లు తోముకుంటూ వచ్చి, "మంచిగ పండుకున్నవా అక్కా?" అన్నాడు.

"కన్ను మూయలే."

"ఏమైంది? దోమలా?"

"దోమలు లేవు. నిద్ర కాలే తమ్మీ. ఇది లెక్కల రాదు. మనింటికి తోల్కపో, గాడ పండుకుంట."

రాజలింగం ఉమ్మి వచ్చి, "కూసున్నా పండుకున్నా రాత్రి అయితె గడిచింది గద," అన్నాడు.

"రాత్రి అందరికి గడుస్తది."

కారులో బయలుదేరారు. కరీంనగర్‌లో టీకి ఆపారు. అక్కడ రోడ్డు చీలుతుంది. ఒకటి కొండగట్టు మీదుగా జగిత్యాల, కోరుట్ల. ఇంకొకటి సిరిసిల్ల. నీల ముందుగా వచ్చి కారులో కూర్చుంది. అద్దంలోంచి జగిత్యాల అని రాసిన బోర్డు కనిపిస్తూనే ఉందట. రాజలింగం స్టీరింగు పట్టుకుని కొంచెంసేపు అలాగే ఉన్నాడు. పిల్లవాడు, "బాపూ, అత్తమ్మ మనింటికి అస్తదా?" అన్నాడు. స్వప్న వాడి చేతికి బిస్కెట్ పొట్లం ఇచ్చింది. కారు సిరిసిల్ల దిక్కు తిరిగింది.

సందు మొదట్లో దిగినప్పుడు తమ్ముడు కొత్త చీర ఉన్న కవరు చేతికిచ్చాడు. సంచిలో మూడు చీరల్లో రెండు మడత విప్పనివి. ఈ కొత్తది వాటి మీద పెట్టి ట్రంకు పెట్టె మూసింది.

"తెల్లారేది చూసినవా, నేను చెప్పిన గద?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"చూసిన కాకా. నువ్వన్నట్టే పొగ లేచింది నీళ్ల మీద. బాగనే ఉంది," అంది.

మర్నాడు పొద్దున నీల రాములవ్వ ఇంటికి పోయింది. నేను ఆ పక్క హోటల్లో ఇడ్లీ కోసం నిలబడి ఉన్నాను. రాములవ్వ వాకిలి ఊడుస్తూ, మంచి మనసుతోనే, "అయిందా నీలా నిద్ర?" అని అడిగింది.

అయిందంటే అయిపోతుంది. లోపలికి పోవచ్చు, మోటరు మిషను మీద కండెలు చుట్టుకోవచ్చు, నాలుగు ఇళ్లు తిరగొచ్చు. ఆ ఒక్క మాటతో కోరుట్లలో తమ్ముడికి కూడా ఏ బాకీ ఉండదు. చెరువుకు తోలుకుపోయాడు, చేపల కూర పెట్టాడు, చీర పెట్టాడు, నలుగురూ మెచ్చుకుంటారు.

"కాలే," అంది నీల.

"అదేంది, మీ తమ్ముడు ఫోన్ల పెట్టిండు గద, చెరువు ఫోటోలు. అక్కకు నిద్ర చేయిస్తున్నమని రాసిండు."

"పెట్టిండు. కాని కాలే."

రాములవ్వ చీపురు ఆపి చూసింది. "మరి పని?"

"మూలకు పడున్న పాత రాట్నం బయటికియ్యరాదు? వాకిట్ల చుట్టుకుంట."

అది సైకిల్ చక్రంతో చేసిన చేతిరాట్నం. మోటరు వచ్చాక దాన్నెవరూ ముట్టలేదు. దాని మీద చుడితే కూలి సగానికి సగం పడిపోతుంది. రాములవ్వ గొణుక్కుంటూనే తెచ్చి ఇచ్చింది. నీల దుమ్ము తుడిచి, ఇరుసుకు నూనె చుక్క వేసి, రోడ్డు మీదికి మొహం పెట్టి కూర్చుంది.

ఇది జరిగి మూడు నెలలయింది. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఏమ్మా బయట కూసున్నవని. నీల అందరికీ ఒకే జవాబు చెబుతుంది, నిద్ర కాలేదని. ఆ మాట బస్సెక్కి కోరుట్ల చేరడానికి ఎంతసేపు. పోయిన వారం రాజలింగం ఫోను చేశాడు. నీల ఆ ఫోను పెద్దగా పెట్టుకుని మాట్లాడుతుంది, హన్మండ్లు నాటి అలవాటు.

"అక్కా, ఇజ్జతు పోతుంది. మెట్‌పల్లి సంతల గూడ అడుగుతున్నరు. అయిందని ఒక్క మాట అనరాదు?"

"అంట తమ్మీ. అచ్చి తోల్కపో. అప్పుడంట."

"ఏడాది నిండనీ," అన్నాడు రాజలింగం.

"నిండనీ," అంది నీల, ఫోను పెట్టేసింది.

నిన్న వాన పట్టింది. షెడ్డులో సాంచెలు దడదడలాడుతున్నాయి. రాములవ్వ తలుపు తెరిచి, "నూలు తడుస్తది నీలా, లోపలికి రా, ఎవలేమంటరు," అని పిలిచింది. నీల లేచింది. నూలు బుట్టను ఎత్తి గడప అవతల లోపలికి పెట్టింది. తను రాట్నాన్ని చూరు కిందికి లాక్కుని, గడపకు ఆనుకుని కూర్చుంది. దారం గడప మీదుగా లోపలినుంచి బయటికి వస్తోంది. వీపు మీద వాన చినుకులు పడుతున్నాయి. ఆమె చక్రం తిప్పుతూనే ఉంది.