బజ్జితో ఆడుకున్నదెవరు?

ముందే చెబుతున్నాను. ఇది నాకు జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు, నిద్రమత్తులో చూసింది అసలే కాదు. మా అమ్మ మీద ఒట్టు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి... కానీ విన్నాక "పిల్లులే కదా" అని మాత్రం నా ముందు అనకండి. ఆ మాట విని విని నా ఒళ్ళు మండిపోతోంది.

మాకు రెండు పిల్లులు ఉండేవి. పసుపు రంగుది ఉగ్గాని. నల్లమచ్చలది బజ్జి. మాది ప్రొద్దుటూరు, పొద్దున్నే మా టిఫిను ఉగ్గాని-బజ్జీనే, ఆ పేర్లు కాక ఇంకేం పెడతాం? ఉగ్గాని మగది, ఉత్త బద్ధకస్తుడు. తిండి గిన్నె ఎక్కడుంటే వాడు అక్కడ. బజ్జి ఆడది, ఏడాది కూడా నిండలేదు. సీసా మూత ఒకటి దొరికితే చాలు, ఇల్లంతా తన్నుకుంటూ తిరిగేది. నాది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మా ఆయన మధుకి అమెరికా షిఫ్టు. సాయంత్రం క్యాబ్ ఎక్కితే మళ్ళీ తెల్లారాకే ఇంటికి. అంటే రాత్రంతా ఇంట్లో నేనూ, ఆ రెండూ.

ఇల్లు హఫీజ్‌పేట్‌లో, రైల్వే స్టేషన్‌కి దగ్గర. మూడు పడకగదుల ఫ్లాట్ అని పేరే గానీ మాకు ఇచ్చింది రెండే. మూడో గదికి ఓనర్ తాళం వేసుకున్నాడు. హైదరాబాద్‌లో ఇది మామూలే కదా... కిరాయి ఇల్లంతటికీ, ఒక గదిలో మాత్రం వాళ్ళ పాత సామాను. ఓనర్ పేరు యాదగిరి. చందానగర్‌లో ఉంటాడు. అంకుల్ అని పిలిచేవాళ్ళం.

"మంచం, బీరువా, కాలం జేసిన మా అమ్మ చీరలు... గంతే బిడ్డా. మీకేమన్న అడ్డమా?" అన్నాడు ఇల్లు చూపించిన రోజు. అడ్డం కాదనుకున్నాం.

ఎండలు ముదిరేసరికి బజ్జి తిండి మానేసింది. ముందు వాంతులు. తర్వాత మూలకి చేరి కదలకుండా కూర్చోవడం. నాలుగు రోజులు పోయాక ఉగ్గాని కూడా గిన్నె వైపు చూడటం మానేశాడు. చందానగర్‌లో ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి ఇద్దర్నీ బుట్టలో పెట్టి పరుగెత్తాను. ఆయన బజ్జి పెదవి పైకెత్తి చూపించాడు. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి.

"రక్తం తగ్గిపోతోందండీ. ఇంట్లో ఏదో విషం తగులుతోంది వీటికి. పెద్దవాడు తట్టుకుంటాడు గానీ దీని సంగతి చెప్పలేను. ముందు అదేంటో వెతికి తీసెయ్యండి," అన్నాడు. ఆయనది గోదావరి వైపు.

వెతికాం. ఏం వెతికామో అడగండి! కుండీల్లో మొక్కలన్నీ పీకి కింద పారేశాను. దోమల మందు మానేశాం, దోమలే మమ్మల్ని తిన్నాయి. ఫినాయిల్ బదులు ఉప్పునీళ్ళతో తుడిచాను. సింకు కింద బొద్దింకల మందు ఉందేమోనని మధు టార్చిలైటు పట్టుకుని పొర్లాడాడు. వంట గ్యాస్ లీకవుతోందేమోనని మనిషిని పిలిపించాం. అపార్ట్‌మెంటులో దోమల పొగ వదులుతారు కదా, అందులో ఏం కలుపుతున్నారని అసోసియేషన్ ప్రెసిడెంటుని అడిగాను. ఆయన నవ్వాడు. "పిల్లులే కదా మేడమ్, గింత పరేషాన్ ఎందుకు?" అన్నాడు. ఆ నవ్వు ముఖాన్ని నేను ఈ జన్మలో మర్చిపోను.

డాక్టరు ఫోనులో ఒక్కొక్కటే అడిగేవాడు. ఒకసారి, "కలరా ఉండలు వాడతారా అండీ? చీరల మధ్య పెట్టేవి, వాష్‌బేసిన్‌లో వేసేవి, తెల్లగా ఉంటాయే..." అన్నాడు.

"లేదు డాక్టర్," అన్నాం. ఇద్దరం ఒక్క గొంతుతో.

అబద్ధం కాదు. మేం ఒక్కటి కూడా కొనలేదు. కానీ ఆ ఇంట్లో మేం దిగిన రోజు నుంచీ అదే వాసన. మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టదు కూడా! మా అమ్మ బీరువా తీస్తే అదే వాసన. పెళ్ళికి పట్టుచీర కడితే అదే వాసన. శుభ్రంగా ఉన్న ఇల్లంటే మా ముక్కుకి ఆ వాసన వచ్చే ఇల్లే. దాన్ని విషం అని ఎవరు అనుకుంటారు చెప్పండి?

ఆ రాత్రి... మధు డ్యూటీకి వెళ్ళిపోయాడు. బజ్జి హాల్లో తన పరుపు మీద పడుకునే ఉంది. సిరంజితో నాలుగు చుక్కల నీళ్ళు పట్టించి, నేను గదిలోకెళ్ళి వాలాను. నిద్ర పట్టిందో లేదో తెలియదు. చివరి రైలు పోయింది. తర్వాత అంతా నిశ్శబ్దం. ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. అప్పుడు వినిపించింది.

టక్... గర్‌ర్‌ర్‌ర్... టక్.

టైల్స్ మీద ఏదో గుండ్రటిది దొర్లుతోంది. ఆగుతోంది. మళ్ళీ దొర్లుతోంది. బజ్జి లేచింది, ఆడుకుంటోంది అనుకున్నాను. ఒట్టు, సంతోషం పట్టలేక చెప్పులు కూడా లేకుండా హాల్లోకి వచ్చాను. లైటు వేయలేదు. వేస్తే బెదిరి ఆట మానేస్తుందని.

బాల్కనీ లోంచి వీధి దీపం వెలుగు పడుతోంది. బజ్జి తాళం వేసిన గది ముందు కూర్చుని ఉంది. ఒళ్ళు వణుకుతోంది. కానీ చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ముందర చిన్న తెల్ల ఉండ. పంజాతో తోసింది. ఉండ తలుపు కింద సందులోంచి లోపలికి పోయింది. గర్‌ర్‌ర్‌ర్...

బజ్జి కదల్లేదు. ఎదురుచూస్తోంది.

ఉండ వెనక్కి వచ్చింది.

గోడకి తగిలి వచ్చింది అనుకున్నాను. మీరైనా అదే అనుకుంటారు. బజ్జి మళ్ళీ తోసింది. ఉండ లోపలికి పోయింది... దొర్లింది... ఆగిపోయింది. ఇక రాదనుకున్నాను. నేను ఊపిరి బిగపట్టుకున్నాను. లోపల ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. అప్పుడు... సన్నగా... గచ్చు మీద గోరు గీసినంత చప్పుడు. ఒక్కసారే. ఆ వెనకే ఉండ మెల్లగా బయటికి వచ్చి, సరిగ్గా బజ్జి పంజా ముందు ఆగింది.

నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. బజ్జి మూడోసారి తోసింది. నేను తలుపుకి ఎదురుగా లేను, వినండి. పక్కకి, సోఫా దగ్గర నిలబడ్డాను. కిక్కురుమనకుండా నిలబడ్డాను. ఈసారి ఉండ తలుపు కింద నుంచి వచ్చి బజ్జి వైపు పోలేదు.

నా వైపు వచ్చింది.

నా కాలి బొటనవేలికి తగిలి ఆగింది. వంగి తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. ఉండ... వెచ్చగా ఉంది. అంతసేపూ ఎవరో గుప్పిట్లో పట్టుకుని ఉన్నట్టు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అన్నాళ్ళుగా ఇల్లంతా నిండి ఉన్న ఆ వాసన అప్పుడు తెలిసింది నాకు. కలరా ఉండ!

భయం పోయింది. ఎక్కడికి పోయిందో! నా కడుపులోంచి కోపం తన్నుకొచ్చింది. రెండు చేతులతో ఆ తలుపు బాదాను.

"ఎవరది? యా నాబట్ట లోపల ఉండేది? నా బిడ్డకి విషం పెడతావా?"

ఉండ ఇంకోటి కూడా రాలేదు. దుప్పటి చుట్టి ఆ సందులో కుక్కాను. రెండింటినీ ఒళ్ళో వేసుకుని, గదిలో లైటు వేసుకుని, తెల్లారేదాకా అట్లాగే కూర్చున్నాను.

మధు వచ్చి అంతా విన్నాడు. "ఎలుక అయ్యుంటాదిలే హరితా," అన్నాడు.

"ఎలుక నీతో బంతాట ఆడుతుందా?" అన్నాను.

"లేదంటే గచ్చు వాటంగా ఉంటాది. అందుకే బయటికి దొర్లుతాండాది." దుప్పటి లాగేసి, ఉండని తలుపు ముందు పెట్టి వదిలాడు. అది దానంతట అదే లోపలికి దొర్లిపోయింది. వాలు లోపలికే ఉంది! కాసేపు ఇద్దరం ఆ సందు వైపే చూస్తూ కూర్చున్నాం. తిరిగి రాలేదు.

ఓనర్‌కి ఫోన్ చేశాను. తాళం తీయమన్నాను.

"పిల్లుల కోసం తాళం తియ్యాల్నా? ఏందమ్మా గిట్ల మాట్లాడుతవు? ఐతారం వస్త తియ్."

"ఇప్పుడు రాకపోతే నేనే పగలగొడతా అంకుల్. తర్వాత మీ ఇష్టం."

వచ్చాడు. గొణుక్కుంటూ వచ్చాడు. తాళం తీయగానే ఆ వాసన ముఖాన కొట్టింది, మధుకి దగ్గు ఆగలేదు. లోపల ఇనుప మంచం, బీరువా. కిటికీ మూసి, సందులకి టేపు అంటించి ఉంది. నేల మీద ఎక్కడ చూసినా తెల్ల ఉండలు. ఒకటీ రెండూ కాదు, చల్లేశాడు.

"నేనే ఏసిన. డాంబర్ గోలీలు. ఎలుకలు, చెదలు రావద్దని," అన్నాడు. పైగా, "మేమంత గీ వాసనలనే పెరిగినం. గోలీలకే సస్తయా పిల్లులు?" అన్నాడు నన్నే!

నేను నోరు తెరవబోయి ఆగిపోయాను. కింద చూశాను. నేలంతా దుమ్ము, పొరలు పొరలుగా. దాని మీద ఎలుక అడుగు లేదు, పెంట లేదు, ఏమీ లేదు. తలుపు పక్కన మాత్రం... దుమ్ము లేదు. నున్నగా ఉంది. ఒక మనిషి కాళ్ళు ముడుచుకుని కింద కూర్చుంటే ఎంత మేర పడుతుందో, అంత మేర.

అంకుల్ కూడా చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"లోపటికి ఎవరన్న వచ్చిండ్రా?" అని నన్నడిగాడు.

"తాళం చెవి మీ దగ్గరే కదా అంకుల్?"

"మా అమ్మ..." అని ఆగాడు.

"ఏంది మీ అమ్మ? చెప్పండి!"

"ఏం లేదు. ఏం లేదు బిడ్డా." గబగబా ఉండలన్నీ చీపురుతో సంచిలోకి ఎత్తాడు. బీరువాలో ఉన్నవీ ఏరాడు. మళ్ళీ తాళం వేసుకుని, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయాడు. లిఫ్టు కోసం కూడా ఆగలేదు. ఏదో తెలుసు ఆ మనిషికి. తెలిసి కూడా మాకు ఇల్లిచ్చాడు. తెలియకపోతే ఆ మాట మధ్యలో ఎందుకు మింగుతాడు?

ఉగ్గాని కోలుకున్నాడు. బజ్జి కోలుకోలేదు. డాక్టరు సెలైన్ ఎక్కించాడు, ఇంకో పిల్లి రక్తం కోసం ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాడు. దొరికేలోపే నా ఒళ్ళో పోయింది. నా కూతురు పోయినట్టే ఏడ్చాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఓనర్‌కి చెబితే, "అయ్యో... పిల్లే కదమ్మా. ఇంకోటి తెచ్చుకోరాదు?" అన్నాడు. నేనేం తిట్టానో ఇక్కడ చెప్పలేను.

ఆ నెలలోనే ఖాళీ చేశాం. మధ్యాహ్నం పూట. సామాను వ్యాన్‌లోకి ఎక్కిస్తూ మధు కింద ఉన్నాడు. ఖాళీ హాల్లో నేనొక్కదాన్నే. పోతున్నదాన్ని పోకుండా... ఆ తలుపు ముందు బోర్లా పడుకున్నాను. చెంప నేలకి ఆనించి, సందులో నోరు పెట్టి చెప్పాను.

"బజ్జి సచ్చిపోయింది. వినపడతాందా? నువ్వు తోసిన ఉండతోనే సచ్చిపోయింది. ఆడుకుందామని తోసినావో, సంపుదామని తోసినావో నాకు తెలీదు. చెప్పు. యాదో ఒకటి చెప్పు."

ఏమీ లేదు...

తర్వాత, తలుపుకి ఆవల, నా ముఖానికి జానెడు దూరంలో... ఏదో కదిలింది. చీర కుచ్చిళ్ళు గచ్చు మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. మెల్లగా. ఆగి ఆగి. తలుపు దగ్గర నుంచి వెనక్కి... వెనక్కి... అవతలి గోడ దాకా. అక్కడ ఆగిపోయింది.

కిటికీ గాలికి ఏదో గుడ్డ కదిలి ఉంటుందని మధు అంటాడు. కిటికీకి టేపు వేసి ఉందని తనూ చూశాడు. నాకైతే అదేమిటో ఇప్పటికీ తెలియదు. సిగ్గుపడి వెనక్కి జరిగిందా? దొరికిపోయానని జరిగిందా? లేక అక్కడ అసలు ఏమీ లేదా? మీరు కూడా ఎలుకే అంటే అనండి, నేను పోట్లాడను. కానీ అంత సూటిగా అడిగాను కదా... ఒక్క జవాబైనా చెప్పకుండా పోయింది. నా మంటంతా అదే.