నాయిన బండి కింద నల్లటి చుక్కలు

పొద్దున పల్లి నూనె ప్యాకెట్ చిరిగి వంటగది గట్టంతా కారింది. చిరాకు పడాల్సింది పోయి నవ్వొచ్చింది.

ఎల్బీనగర్ దోస్తులూ, తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అందరం కలిసి తిన్న వంటావార్పు గుర్తుందా? ఆ రోజు గిన్నెలూ బియ్యమూ నూనె డబ్బానూ మోసింది మా నాయిన పికప్ బండే. మర్నాడు చూస్తే దాని కింద నల్లటి చుక్కలు. బందులతో చాలా రోజులుగా కిరాయిల్లేవు. సరిగ్గా ఆ మర్నాడే కొత్తపేట మార్కెట్‌కు బత్తాయిల లోడు దొరికింది.

"ఇంజన్ ఖరాబైంది. ఇగ లోడుకు ఎట్ల పోవాలె?" అంటూ నాయిన బండి కిందికి దూరాడు. ఇంజన్ అడుగున ప్రతి బోల్టూ తుడిచి చూశాడు. అక్కడ తడే లేదు, చుక్కలు మాత్రం పడుతూనే ఉన్నాయి.

అమ్మ వంగి, ఒక చుక్కను వేలికి అద్దుకుని వాసన చూసింది.

"ఏమయ్యా, గిది ఇంజన్ ఆయిల్ గాదు, పల్లి నూనె. నిన్న డబ్బా దించినవా?"

నేను వెనక ఎక్కి పట్టా లేపాను. డబ్బా పక్కకు ఒరిగి ఉంది. రేకు సందులోంచి దిగిన నూనె బండి అడుగు మురికితో కలిసి నల్లబడింది.

బండి కింద నుంచి బయటికి కనిపిస్తున్న నాయిన రెండు కాళ్లు నవ్వుతో ఊగిపోయాయి.