నిండు కాల్వ ఫోటో

కాల్వ కింద రైతులకు నీటి వంతులు తెలిపే వెబ్‌సైటు చేసిపెట్టమని రైతు సంఘం పెద్దలు అడిగిన రోజు నా కాళ్లు నేల మీద ఆగలేదు. బాన్సువాడ బస్టాండు దగ్గర నాది చిన్న కంప్యూటర్ షాపు. దరఖాస్తులు, జిరాక్సులు తప్ప అప్పటిదాకా నేను చేసిందేమీ లేదు. ఇక ఊరుకుంటానా! పైన నిండుగా పారుతున్న కాల్వ ఫోటో పెట్టాను. కింద వంతుల పట్టికను రంగురంగుల అక్షరాలతో బొమ్మలా తయారుచేసి అతికించాను. షాపులో నొక్కితే రెప్పపాటులో తెరుచుకునేది. వచ్చిన ప్రతివాడికీ చూపించి, టీ కూడా నేనే తాగించాను.

నాలుగో రోజు, కాల్వ చివరన ఉన్న తండా నుంచి ఒక అక్క వచ్చింది. పొట్ట మీదున్న వరి ఆమెది. ఈ వంతు నీళ్లు తప్పితే గింజ పట్టదు, అంతా తాలే.

“అన్నా, నీ దాంట్ల కాల్వ నిండ నీళ్లున్నయ్. పార పట్టుకొని తూముకాడికి ఉరికిన. చుక్క లేదు. గిదేంది?”

“మీ వంతు ఎల్లుండి పొద్దుగాల అని కింద రాసుంది గదక్కా, సూసుకోవద్దా?” అని కసిరాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

“కింద ఏడుంది? గిర్రగిర్ర తిరుగుడే ఉంది. నమ్మకుంటే వచ్చి సూడు.”

వెళ్లాను. తండాలో ఫోన్ ఒకసారి కలిస్తే ఒకసారి కలవదు, నెట్ అయితే పొలం గట్టెక్కితే గాని రాదు. గట్టు మీద నిలబడి ఆమె ఫోన్‌లో నా వెబ్‌సైటు తెరిచాం. ఫోటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగి, నిండు కాల్వ దగ్గర ఆగిపోయింది. పట్టిక రానే లేదు. ఎండిన కాల్వ పక్కన నిలబడి, నిండు కాల్వను చూస్తున్నాను. చుట్టూ చేరిన తండావాళ్లు తమ భాషలో ఏదో అనుకుని నవ్వారు. ఎవరిని చూసి నవ్వారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

షాపుకొచ్చి పని మొదలుపెట్టాక మాత్రం ఒకటే హుషారు. ఫోటో పీకేశాను. రంగులు పీకేశాను. బొమ్మ తీసేసి, ఏ తూముకు ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది మామూలు అక్షరాల్లో కొట్టాను. ఒక్కొక్కటీ తీసేస్తుంటే ఇంత సంతోషంగా ఉంటుందని తెలియదు! చివరికి చూస్తే, మా బావ రోజూ పంపే గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వు కంటే నా వెబ్‌సైటే తేలిక. అక్కకు ఫోన్ చేసి, గట్టెక్కి చూడమన్నాను. కాసేపటికి ఆమే మళ్లీ చేసింది.

“వచ్చిందన్నా! నొక్కంగనే వచ్చింది!”

నేను వేసిన కేకకు జిరాక్సు కోసం నిలబడ్డ పెద్దమనిషి ఉలిక్కిపడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం సంఘం నుంచి కబురు. చివరి తూము వంతు ముందుకు జరిగింది. రేపు పొద్దున కాదు, ఇవాళ సాయంత్రం నాలుగింటికే నీళ్లు. వెంటనే ఆ ఒక్క వరుస మార్చాను. అక్కకు ఫోన్ చేస్తే కలవలేదు. మళ్లీ చేశాను, మళ్లీ కలవలేదు. రేపటి నీళ్లనుకుని ఆమె ఇంట్లో కూర్చుంటే? షట్టర్ దించి బండి తీశాను. తండా దారిలో కోటగిరి వైపు వెళ్లే ట్రాక్టర్లన్నీ ఆ రోజే నా ముందు పడ్డాయి.

నేను చేరేసరికి నాలుగు దాటింది. తూము దగ్గర ఎవరూ లేరు. గట్టు దిగి చూద్దును కదా, అక్క చీర ఎగ్గట్టి మడిలో ఉంది. పారతో గట్టు తెంపి, నీళ్లను లోపలికి మళ్లిస్తోంది. వరి మొదళ్ల చుట్టూ నీళ్లు బుడబుడమంటూ ఎక్కుతున్నాయి. ఆనందం పట్టలేక ఫోటో తీద్దామని ఫోన్ బయటికి తీశాను.

“ఫోన్ కలుస్తలేదక్కా, నీకెట్ల ఎరుకైంది?”

“గట్టెక్కి నీ దాంట్లనే సూసిన.” పార ఆపకుండానే అంది. “ఫోటో లేదు గద, గందుకే నమ్మిన.”

ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.