తిరుగుటపా గారు

ఆ ఆఫీసులో ఆయనకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ పని మీద వెళ్ళినా సరే, తిరిగొచ్చి, పంపినవాళ్ళ ఎదురుగా నిలబడి, ఏమైందో చెప్పందే ఆయన ప్రాణం కుదుటపడదు. అయితే అయిందంటారు, కాకపోతే కాలేదంటారు, అయిందో కాలేదో తేలకపోతే తేలలేదని చెప్పడానికి మళ్ళీ వస్తారు. అందుకే ఆయనకి తిరుగుటపా అని పేరు పడింది. ఆ పేరు ఎవరు పెట్టారో కాస్త కనుక్కోమని ఎవరో కొంటెగా ఆయన్నే పురమాయిస్తే, ఆఫీసంతా వాకబు చేసి వచ్చి, "ఇంకా తెలియలేదండీ" అని చెప్పి వెళ్ళారు.

ఒకరోజు మేనేజరు, పక్కనే ఉన్నారు కదా అని, "ఆ కిటికీ కాస్త వేస్తారా?" అన్నాడు. ఆయన వెళ్ళి వేసి, వచ్చి నిలబడ్డారు.

"వేశానండీ."

"చూశానండీ. నా కళ్ళ ముందేగా వేశారు!"

"మీరు చూశారు, కాదనను. నేను చెప్పలేదుగా!"

ఇంట్లోనూ ఇదే భాగోతం. ఆయన భార్య ఒకసారి ఆఫీసుకొచ్చి, దొరికిందే సందని అందరి ముందూ మొత్తుకుంది. "కూరగాయలు తెమ్మంటే, కొట్టు మూసేశారని చెప్పడానికి ఖాళీ సంచీతో ఇంటికొస్తారమ్మా! చెప్పి, అప్పుడు ఇంకో కొట్టుకి బయల్దేరతారు."

"ఫోన్ చేసి చెప్పొచ్చుగా పిన్నిగారూ?"

"అయ్యో, ఫోనూ చేస్తారు, వచ్చీ చెబుతారు!"

ఆ ప్రశ్న వేసింది కొత్తమ్మాయి. చేరి ఏడాది దాటినా ఆఫీసులో ఆమె ఇంకా కొత్తమ్మాయే. ఆమె రాసే ప్రోగ్రాములు చూసి సరిదిద్దే పెద్దాయన ఈ తిరుగుటపా గారే. ఆమె అదృష్టమో, గ్రహచారమో గానీ, ఆమెకి అప్పజెప్పిన పని కూడా సరిగ్గా ఆయన జబ్బుకి సంబంధించినదే.

వాళ్ళు చేస్తున్నది ఒక రక్తపరీక్షల ల్యాబుకి ఫోన్ యాప్. రిపోర్టు వచ్చిందా అని మనిషి ఫోన్‌లో నొక్కుతాడు. నొక్కగానే తెర వెనకాల చిన్న ప్రోగ్రాం ఒకటి బయల్దేరి, ల్యాబు కంప్యూటర్ దాకా వెళ్ళి, అడిగి, జవాబు పట్టుకుని రావాలి. అంతవరకూ తెర మీద ఒక చక్రం గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఈ వెళ్ళడమూ రావడమూ రాయడం కొత్తమ్మాయి పని.

మొదటిసారి ఆమె రాసింది చూసి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు దిగిందంటే క్లాసు మొదలైనట్టే.

"వెళ్ళినవాడు ఏమయ్యాడమ్మా?"

"నెట్ లేకపోతే ఫెయిలవుతాడు సార్."

"మంచిదే. ఆ ముక్క ఎవరికి చెప్పాడు?"

"ఎవరికీ చెప్పడు. ఊరికే ఆగిపోతాడు."

"ఆగిపోతాడా! ఇక్కడ ఇంట్లోవాళ్ళు కంచాలు పెట్టుకుని వాడి కోసం కూర్చున్నారు, వాడు చెప్పా పెట్టకుండా ఆగిపోతాడా!"

కొత్తమ్మాయికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని సరిచేసింది. రెండోరోజు ఆయన తన ఫోన్ పట్టుకుని మళ్ళీ ప్రత్యక్షం.

"అమ్మాయ్, చక్రం తిరుగుతూనే ఉంది."

"నా ఫోన్‌లో జవాబు వస్తోందే!"

"నేను మధ్యలో ఫోన్ అడ్డంగా తిప్పాను."

అక్కడుంది తిరకాసంతా. ఫోన్ అడ్డంగా తిప్పగానే పాత తెర పోయి, కొత్త తెర పుడుతుంది. వెళ్ళిన ప్రోగ్రాం పాపం బుద్ధిగానే జవాబు తెచ్చింది గానీ, తనని పంపిన తెర ఇప్పుడు లేదు. కొత్త తెరకేమో జవాబొచ్చిన సంగతే తెలియదు. "ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ తలుపు కొడుతున్నాడమ్మా వాడు" అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. జవాబుని తెరకి కాకుండా, తెరలు మారినా చెక్కుచెదరని చోట దాచి, ఏ తెర వచ్చినా అక్కడినించి అందుకునేలా మార్చమన్నారు. ఆమె మార్చింది. మార్చానని ఆయన దగ్గరికెళ్ళి చెప్పింది కూడా. అంటురోగం మరి!

మేనేజరుతో మాత్రం ఒక పేచీ తెగలేదు. రిపోర్టు ఇంకా తయారవకపోతే "ఇంకా కాలేదు, పని జరుగుతోంది" అని తెర మీద చెప్పాలని తిరుగుటపా గారి పట్టు. "చెప్పడానికేమీ లేనప్పుడు చెప్పడమెందుకండీ? చేతకానివాళ్ళలా కనబడతాం. చక్రం తిరగనివ్వండి, చూడ్డానికీ బావుంటుంది" అని మేనేజరు పట్టు. చివరికి, ల్యాబు యజమాని వచ్చి చూసి ఏది కావాలంటే అది అని తేల్చారు.

యజమాని వచ్చే రోజునే కొత్తమ్మాయి వాళ్ళక్కకి ఆపరేషన్. కడుపులో గడ్డ. తెరిచి చూస్తేగానీ మంచిదో చెడ్డదో చెప్పలేమన్నారు డాక్టర్లు. అమ్మ పోయాక ఆమెకి జడ వేసిందీ, చదివించిందీ, తిట్టిందీ ఆ అక్కే. సెలవు పెట్టి ఆస్పత్రికి వస్తానంటే అక్క గదమాయించింది. "నువ్వొచ్చి ఎదురుగా ఏడుస్తూ కూచుంటే నాకు మత్తు కూడా ఎక్కదు. పోయి నీ పని చూసుకో. మీ బావ ఫోన్ చేస్తాడు."

బావ ఫోన్ చేయలేదు. తనే చేస్తే, స్విచాఫ్. చార్జింగ్ అయిపోయి ఉంటుందని ఆమెకి తెలుసు. తెలిసినా ఒకే నంబరు మళ్ళీ మళ్ళీ నొక్కుతుంటే తిరుగుటపా గారు వచ్చి నిలబడ్డారు.

"ఏమైందమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన విన్నారు. ఏ ఆస్పత్రో, ఏ అంతస్తో, బావ ఎలా ఉంటాడో అడిగి, స్కూటర్ తాళం తీసుకున్నారు.

"నేను వెళ్ళి కనుక్కుంటాను."

"సార్, యజమాని వచ్చే వేళైంది! మీరు లేకపోతే ఎలా?"

"నువ్వున్నావుగా. రాసింది నువ్వే."

మేనేజరు లబోదిబోమన్నాడు. యజమాని రానే వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు. కొత్తమ్మాయి యాప్ తెరిచిందో లేదో, ఆమె సొంత ఫోన్ మోగింది.

"చేరానమ్మా. ఇంకా ఏమీ తెలియదు. తెలియదని చెబుదామనే చేశాను."

ఆమె మళ్ళీ యాప్ మొదలుపెట్టింది. మళ్ళీ మోగింది.

"ఇప్పుడూ ఏమీ తెలియదు. మీ బావగారు కనబడ్డారు. భయపడుతున్నారు గానీ, బిస్కట్లు తింటున్నారు."

మరి కాసేపటికి ఇంకోసారి. "ఆపరేషన్ గదిలో దీపం వెలుగుతోంది. అంటే జరుగుతోందన్నమాట. అంతే సంగతి."

మేనేజరు పళ్ళు నూరుతున్నాడు. కొత్తమ్మాయి మాత్రం తడబడకుండా యాప్ చూపించసాగింది. ఆయన చెప్పిన మూడుసార్లూ కొత్త కబురు ఒక్కటీ లేదు. అయినా ప్రతిసారీ, ఊపిరి కాస్త ఆడింది. ఈ మనిషి జబ్బు ఇన్నాళ్ళూ తనకి అర్థమే కాలేదని ఆమెకి అనిపించింది. ఎక్కడో ఒకరు తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటారంటే ఆయన తట్టుకోలేరు, అంతే. కళ్ళు చెమర్చాయి. గబగబా తుడుచుకుంది.

ల్యాబు యజమాని యాప్ ఉన్న ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేమిటి, రిపోర్టు కానప్పుడు కూడా కాలేదని చెబుతోంది? ఇది అవసరమా?" అన్నాడు.

"నేనూ అదే అంటున్నానండీ!" అన్నాడు మేనేజరు.

"అవసరమేనండీ" అంది కొత్తమ్మాయి. గొంతు తనకే కొత్తగా వినబడింది. "మా అక్క ఇప్పుడు ఆపరేషన్ గదిలో ఉంది. ఇందాకటినించీ నాకొస్తున్న ఫోన్లన్నీ 'ఇంకా తెలియదు' అని చెప్పడానికే. అవే లేకపోతే నేనిలా మీ ముందు నిలబడి మాట్లాడలేకపోయేదాన్ని."

యజమాని ఫోన్ పక్కనపెట్టి, "ఉంచండమ్మా" అన్నాడు. వెళ్ళడానికి లేచినవాడల్లా మళ్ళీ కూర్చున్నాడు. "ఇంకో ఫోన్ రావాలిగా. విని వెళతాను."

అది వచ్చేసరికి మేనేజరు కూడా గోళ్ళు కొరుకుతున్నాడు.

"అమ్మా! తీసేశారు. మామూలు గడ్డే, భయం లేదని డాక్టరుగారు స్వయంగా చెప్పారు. మీ అక్కగారు కళ్ళు తెరిచారు. ఉండు, నీకు చెప్పానని ఆవిడకి చెప్పి వస్తాను."

కొత్తమ్మాయి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. మేనేజరు ఆమెకి మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు.

సాయంత్రం ఆస్పత్రికి వెళితే, అక్క మత్తు ఇంకా పూర్తిగా వదలని గొంతుతో ముందు అడిగింది ఇదే.

"ఎవరే ఆయన? నేను కళ్ళు తెరవగానే 'తెరిచారు, చెప్పి వస్తాను' అని పరిగెత్తాడు. వచ్చి, 'చెప్పానండీ' అన్నాడుట. నేను నిద్రలో వినలేదుట. లేపి మళ్ళీ చెప్పాడే!"